అక్క కోళ్లు చచ్చిన పొద్దు

మా తోడికోడలి కోళ్లు పదకొండు ఒకే పూట చచ్చిపోయాయి. మందు పెట్టింది నేనేనని ఊరు అనుకుంది. అనుకోక ఏం చేస్తుంది? అంతకు వారం ముందు, వీధిలో నలుగురూ వింటుండగా, ఆ మాట నా నోటితో నేనే అన్నాను.

మాది పుంగనూరుకు దగ్గరి పల్లె. మా ఆయనా, ఆయన అన్నా ఒకే ఇంటికి మధ్యలో గోడ పెట్టి పంచుకున్నారు. పెరడు మాత్రం ఉమ్మడిగానే ఉండిపోయింది. బావ పోయాక అక్క ఆ సగం ఇంట్లో ఒంటరిగా ఉండేది. తోడికోడలిని నేను మొదటి నుంచీ అక్కా అనే పిలిచేదాన్ని. ఆమె తన ఒక్కగానొక్క కూతుర్ని కుప్పంలో ఇచ్చింది. ఆ పిల్ల ఎన్నిసార్లు రమ్మన్నా, "నేనొస్తే కోళ్లనెవురు సూస్తారు?" అని అక్క కదిలేది కాదు. గుడ్లు అమ్ముకునేది, పుంజులు అమ్ముకునేది. ఉప్పుకీ, మాత్రలకీ కూడా ఎవరి ముందూ చేయి చాపలేదు.

నేను ఊళ్లో పాలకేంద్రంలో పాలు పరీక్ష చేసే పనిలో ఉన్నాను. ఆ ఏడు పెరట్లో ఒక మూల టమోటా నారు పోశాను. కోళ్లు దాన్ని రెండుసార్లు గీకేశాయి. రెండోసారి నాకు ఒళ్లు మండిపోయింది. "ఇంగొక్కసారి ఈడికొస్తే మందు పెట్టి సంపుతా సూడు!" అని వీధిలోకొచ్చి అరిచాను. అక్క పుంజును చంకలో పెట్టుకుని లోపలికి పోయి తలుపేసుకుంది. ఆనాటి నుంచి మా మధ్య మాటలు లేవు.

తర్వాత వాన పడింది. నేల పదునుండగానే మా ఆయన వేరుశనగ విత్తాడు. ఇద్దరమూ రెండు రోజులు చేల్లోనే ఉన్నాము.

మూడోనాడు పొద్దున పాలకేంద్రం నుంచి వచ్చేసరికి పెరట్లో అక్క గొంతు వినిపించింది. ఏడుపు కాదు. ఒక్కో కోడినీ పిలుస్తోంది. పోయి చూస్తే, పెంటదిబ్బ పక్కన నాలుగు పెట్టలు కాళ్లు బారజాపి పడి ఉన్నాయి. ఇంకొకటి తూలుకుంటూ రెండడుగులు వేసి, రెక్కలు టపటపా కొట్టుకుని వెల్లకిలా పడింది. పుంజు బట్టలుతికే బండ దగ్గర ఒరిగిపోయి ఉంది. దాని ముక్కు నుంచి సొంగ కారుతోంది. అక్క దాని నోట్లో నీళ్లు పోస్తే నీళ్లు పక్కనుంచి జారిపోయాయి. చూస్తుండగానే పిల్లలతో సహా అన్నీ అయిపోయాయి. ఇంట్లో గంప కింద గుడ్ల మీద పొదుగుతున్న పెట్ట ఒక్కటే మిగిలింది.

అక్క తల ఎత్తి నన్ను చూసింది.

"అన్నంత పనీ సేసినావు గదా మే," అంది.

"అక్కా, నా బిడ్డ మీద ఒట్టు, నేనేమీ సెయ్యలేదు."

"బిడ్డను యాల తెస్తావు ఈటిలోకి? పోనీలే. నీ నారు బాగుంటే సాలు."

ఆమె అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. ఆమె అలా మెల్లగా అంది. అప్పటికే పెరటి కంచె దగ్గర జనం చేరారు. ఒకరు తెగులన్నారు, ఒకరు ఎండ తగిలిందన్నారు. ఎక్కువమంది నా వైపు చూశారు. ఆ సాయంత్రం పాలకేంద్రంలో ఒక పెద్దామె నా చేతికి క్యాన్ ఇవ్వబోయి ఆగింది. "కోళ్లకు పెట్టిన సెయ్యి ఇది" అని పక్కామెతో గొణిగింది. ఆ మాట నాకు వినపడాలనే అంది.

ఆ రాత్రి అన్నం ముట్టలేదు. నేను చేయలేదని రుజువు చేసుకోవాలి, అంతే. తెల్లారగానే అక్క వాకిట్లో నిలబడి ఒక కోడిని ఇమ్మని అడిగాను. "యాడికైనా ఎత్తకపో" అని కోళ్లగూటి మీది నుంచి ఒకదాన్ని కాళ్లు పట్టి ఇచ్చింది. మిగతావి ఇంకా పూడ్చినట్టు లేదు. పుంగనూరు పశువుల ఆస్పత్రిలో డాక్టరు పల్లెలకు పోయి ఉన్నాడు. ప్లాస్టిక్ సంచిలో కోడిని పెట్టుకుని మదనపల్లె ఆస్పత్రికని బస్సెక్కాను. వాసన వస్తోందని పక్క సీటామె లేచి ముందుకు పోయింది. దారి పొడుగునా సంచిని కాళ్ల మధ్య పట్టుకుని, అక్కడి డాక్టరు ఏం రాసిస్తారో, దాన్ని ఊళ్లో ఎవరెవరికి చూపించాలో అనుకుంటూ కూర్చున్నాను.

మదనపల్లె ఆస్పత్రిలో ఉన్న డాక్టరమ్మ నాకంటే చాలా చిన్నది. చేతులకు తొడుగులు వేసుకుంటూ ఒక్కొక్కటీ అడిగింది.

"ముందు నుంచి ముడుచుకుని కూర్చున్నాయామ్మా? పచ్చగా పారిందా? మెడ తిరిగిపోయిందా?"

"లేదమ్మా. ముందునాడు బాగా మేసినాయి."

"అయితే కొక్కెర తెగులు అయ్యుండదు. నోరు తెరుచుకుని రొప్పాయా?"

"పొద్దున్నే సచ్చిపోయినాయి. ఎండే లేదు."

"అన్నీ పోయాయా? ఏదైనా మిగిలిందా?"

గంప కింద పెట్ట సంగతి చెప్పాను. ఆమె చేయి ఒక్క క్షణం ఆగింది. "బయటికి రాని కోడి బతికింది. అంటే బయట ఏదో తిన్నాయి," అంది.

కోడి గొంతు కింద మేత చేరే సంచిని కత్తితో చీల్చింది. అది నిండా ఉంది. లోపలున్నదాన్ని తెల్లటి ట్రేలోకి వంచి నీళ్లు పోసింది. జొన్నలు, గడ్డిపరకలు, వాటి మధ్య పగిలిన వేరుశనగ పప్పులు. పప్పులన్నీ గులాబీ రంగులో ఉన్నాయి.

ఆమె చెప్పకముందే నాకు తెలిసిపోయింది.

పురుగు పట్టకుండా విత్తనాలకు పట్టించే మందు రంగది. మా పెరట్లోనే టార్పాలిన్ పట్ట పరిచి, నేనే చేతులతో కలిపాను. విత్తడం అయ్యాక అడుగున మిగిలిన గింజలు పట్ట మడతల్లో ఉండిపోయాయి. కోళ్లు చచ్చిన రోజు చీకటితోనే, పాలకేంద్రానికి పోయే తొందరలో, ఆ పట్టను దిబ్బ మీద దులిపి తీగకు ఆరేసి పోయాను. మందు కలిపిన రోజు నా చేతుల్ని మూడుసార్లు సబ్బుతో కడుక్కున్నాను. అన్నం కలుపుకోవడానికి భయపడి స్పూనుతో తిన్నాను. అంత తెలిసినా, ఆ పట్ట దులిపేటప్పుడు నాకు కోళ్లు గుర్తే రాలేదు.

"మీ ఊళ్లో ఎవరైనా కావాలని పెట్టారా?" డాక్టరమ్మ అడిగింది.

"లేదమ్మా," అన్నాను. "నేనే."

ఆమె నా ముఖంలోకి చూసింది. ట్రే పక్కన పెట్టి, "మిగిలిన కోళ్లను ఏం చేశారు? ఎవరూ తినకూడదు," అంది. బయటికి పరుగెత్తి మా ఆయనకు ఫోన్ చేశాను. అక్క పూడ్చబోతుంటే వీధి చివరి వాళ్లు రెండు అడిగి పట్టుకుపోయారని చెప్పాడు. "పరుగెత్తు, తిననీబాకు!" అని అరిచాను. ఆస్పత్రి వాకిట్లో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. ఆయన పోయేసరికి కూర పొయ్యి మీద ఉడుకుతోంది. గిన్నెతో సహా ఎత్తి గుంతలో పోసి పూడ్చాడు. ఆ ఇంట్లో ముగ్గురు చిన్నపిల్లలున్నారు.

తిరుగు బస్సులో ఒక ఆలోచన రాలేదని చెప్పను. డాక్టరమ్మకు మా ఊరు తెలియదు. కాగితం ఏదీ రాసివ్వలేదు. తెగులని చెప్పేస్తే సరిపోతుంది. ఊరు నమ్ముతుంది. అక్క కూడా నమ్మవచ్చు. పుంగనూరులో దిగి ఆటో ఎక్కేదాకా ఆ మాటే నోట్లో పెట్టుకుని ఉన్నాను.

అక్క గడప మీద కూర్చుని ఉంది. ఆమెను చూశాక ఆ అబద్ధం బయటికి రాలేదు. పట్ట సంగతి మొత్తం చెప్పాను.

"నువ్వు సెప్పకపోతే నాకు తెలిసేది గాదు గదా," అంది అక్క.

"అవునక్కా."

"సెప్పకుండా ఉండాల్సింది మే. తెగులనుకోనుంటే దేవుణ్ని తిట్టుకోనుందును. ఇప్పుడు రోజూ నీ మొగం సూడల్ల."

కాళ్లు పట్టుకోబోయాను. కాళ్లు వెనక్కి లాక్కుంది. కోపంతో కాదు, అలసిపోయి.

మర్నాడు పాలకేంద్రంలో అందరి ముందూ జరిగింది చెప్పాను. కొందరు నమ్మారు. కావాలని చేసి ఇప్పుడు పట్ట మీదికి తోస్తాండాదని కొందరన్నారు. సంతలో నాలుగు పెట్టలు కొని అక్కకు ఇవ్వబోతే తీసుకోలేదు. "అవి నాకు తెలీవు, వాటికి నేను తెలీదు," అంది.

నెల తిరగకుండా కుప్పం కూతురికి తానే ఫోన్ చేసి, వస్తానని చెప్పింది. పొదిగిన పెట్టనూ దాని పిల్లలనూ వీధి చివరి వాళ్లకే ఇచ్చేసింది. నాకు ఇవ్వలేదు. ట్రంకుపెట్టె మా ఆయన బస్సు మీదికి ఎక్కించాడు. నేను పక్కన నిలబడితే, "గోడ వారన నీళ్లు నిలుస్తాండాయి, సూసుకోండి," అని మాత్రం అంది.

పోయిన వేసవిలో పెళ్లికని కుప్పం పోయినప్పుడు ఆమెను చూడటానికి వెళ్లాను. కూతురి ఇల్లు మేడ మీద, రెండు గదులు. అక్క ఒక హాస్టల్లో వంటపనికి పోతోంది. చిక్కిపోయింది. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది, నా బిడ్డ చదువు అడిగింది, మా ఆయన మోకాలి నొప్పి అడిగింది. ఊరికి ఒకసారి రమ్మన్నాను.

"వచ్చి ఏం సేసేదుండాది మే ఆడ?" అంది.

పనికి టైమవుతోందని లేచింది. ఇద్దరం కలిసే మెట్లు దిగాము. వీధి మలుపులో ఆమె హాస్టల్ వైపు తిరిగింది. నేను బస్టాండుకు నడిచాను.