ఊడ్చేసిన ఆకులు

ఆ శనివారం మా తోటలో ఆకులన్నీ ఊడ్చేసింది నేనే. మా సొసైటీలో రోజూ ఊడ్చే దీదీ కాదు. ఈ ఒక్క మాట చెప్పడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది.

దేశ రాజధానిలో, ద్వారక అనే పేటలో మాది గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాటు. పడకగది వెనక రెండు మంచాలు పట్టేంత మట్టి, మూడు వైపులా గోడ, నాలుగో వైపు ఇనప గ్రిల్లు, దానికో చిన్న తలుపు. నా ఉద్యోగం కోసం కాకినాడ వదిలి వచ్చిన మా ఆవిడకి ఈ ఊళ్ళో తనదంటూ ఉన్న చోటు అదొక్కటే. చలికాలం పొగకి తలుపులు మూసుకోవాలి, ఎండాకాలం వేడిగాలికి మూసుకోవాలి. మిగిలిన కాస్త కాలమూ ఆవిడ ఆ మట్టిలోనే ఉండేది. కరివేపాకు, గోంగూర, ఓ మల్లెతీగ.

మార్చిలో ఇక్కడి వేపచెట్లు ఆకు రాలుస్తాయి. దీదీ వాటిని బస్తాకెత్తి గ్రిల్లు దగ్గర పెట్టి, "భాభీ, మీ మొక్కలకి దుప్పట్లు వచ్చాయి!" అని హిందీలో కేకేసేది. మా ఆవిడ ఆ ఎండుటాకుల్ని మట్టి కనపడకుండా బెత్తెడు మందాన పరిచేది. కాండాలకి మాత్రం తగలనిచ్చేది కాదు, కుళ్ళిపోతాయని. మే నెలలో కూడా ఆకులు పక్కకి తోసి వేలు పెడితే మట్టి చల్లగా తగిలేది.

నాకది నచ్చేది కాదు. చిన్నప్పుడు మా వాకిట్లో ఒక్క ఆకు కనపడినా అమ్మ మళ్ళీ చీపురు అందుకునేది. ఊడవని వాకిలంటే ఆ ఇంట్లో ఎవరో మంచాన పడ్డారని లెక్క. ఆ ఆదివారం మా ఆఫీసు వాళ్ళు కుటుంబాలతో భోజనానికి రావాలి. ముందురోజు మా ఆవిడ కూరగాయలకి వెళ్ళగానే చీపురు పట్టాను. ఆకులన్నీ నల్ల కవర్లలో కుక్కి చెత్తబండికి ఎక్కించేశాను. నేల నున్నగా కనిపించింది. మెచ్చుకుంటుందనే అనుకున్నాను.

ఆవిడ సంచి కింద పెట్టకుండానే అక్కడ ఆగిపోయింది. "ఎవరండీ ఈ పని చేసింది?"

ఆ గొంతు వినగానే నా నోట్లోంచి, "దీదీ ఊడ్చినట్టుంది" అని వచ్చేసింది.

సోమవారం గ్రిల్లు దగ్గర గొడవ. "నేను తియ్యలేదు భాభీ. తెచ్చి పెట్టిందే నేను కదా!"

"మరి గాలొచ్చి మూట కట్టుకుపోయిందా?"

నేను లోపల గడ్డం గీసుకుంటూ, వినపడకుండా కుళాయి ఇంకాస్త తిప్పాను.

తరవాత వేడిగాలులు మొదలయ్యాయి. మట్టి తెల్లబడి నెర్రెలిచ్చింది. బియ్యం కడిగిన నీళ్ళు, గిన్నెలు తొలిచిన నీళ్ళు ఎన్ని పోసినా పైపైనే జారి కాలవలోకి పోయేవి. గోంగూర మాడింది. కరివేపాకు కొనల నుంచి ఎండుతూ వచ్చి ఒకరోజు పుల్లై నిలబడింది. మా ఆవిడ ఆ పుల్లని చాలా రోజులు పీకలేదు. "గ్రిల్లుకి తాళం తెచ్చిపెట్టండి" అంది. తెచ్చాను. తాళం కూడా మంచిది చూసి తెచ్చాను.

అప్పటినుంచి పొద్దున్నే చీపురు చప్పుడు వచ్చి, గ్రిల్లు దగ్గర ఒక్క క్షణం ఆగి, ముందుకి పోయేది. అది ఆగినప్పుడల్లా నా చేతిలో కాఫీ ఆగేది. చెప్పాలనుకుంటే ప్రతిరోజూ చెప్పచ్చు. ప్రతిరోజూ నిన్నటికంటే కష్టమయ్యేది. చలికాలమంతా మూసిన తలుపుల మధ్య ఇద్దరం ఒకే గదిలో కూర్చున్నాం. ఆవిడ గాజు తలుపులోంచి ఆ మట్టికేసి చూసేది. నేను ఆవిడ చూపు ఎటు తిరుగుతుందో చూసుకుంటూ ఉండేవాణ్ణి.

మళ్ళీ వేపాకులు రాలాయి. మా ఆవిడ ఇంకో కరివేపాకు మొక్క నాటింది. "ఎండలు ముదిరేలోపు ఆకులు కప్పాలి. నాకు అడగడానికి మొహం చెల్లదు. మీరు అడగండి, మీతో ఆమెకి తగువేమీ లేదుగా" అంది.

వెళ్ళాను. దీదీ ఒక్క మాట అడ్డు చెప్పకుండా బస్తా నింపింది. దాని మూతి కడుతూ, "సాబ్, ఆ రోజు నేను తియ్యలేదు. మీరైనా భాభీకి చెప్పండి. మీరు చెబితే నమ్ముతుంది" అంది.

బస్తా తీసుకుని వచ్చేస్తే ఎవరికీ తెలిసేది కాదు. గ్రిల్లు దాకా వచ్చి, "ఒకసారి ఇలా రా" అని మా ఆవిడని పిలిచాను. దీదీని కూడా ఉండమన్నాను.

"ఆకులు తీసింది నేను" అన్నాను. "దీదీ పేరు చెప్పిందీ నేనే."

తాళంచెవి మా ఆవిడ గుప్పిట్లోనే ఉంది. "నాకు తరవాత. ముందు ఆమెకి అర్థమయ్యే భాషలో చెప్పండి."

దీదీ వైపు తిరిగాను. "దీదీ, ఆ రోజు ఆకులు తీసింది నేను. తప్పు మీది కాదు, నాది. అబద్ధం కూడా నేనే ఆడాను, మన్నించండి" అన్నాను, నాకొచ్చిన హిందీలో.