యజమాని నక్షత్రానికి కోసిన కుక్కదారి

తిరుమణిలో ధనుంజయ తన భూమిని సోలార్ కంపెనీకి లీజుకిచ్చినప్పటి నుంచి ఆయనకు చేయడానికి పనంటూ లేకుండా పోయింది. తెల్లచొక్కా తొడుక్కుని ఊరందరికీ సలహాలు చెప్పడం మొదలుపెట్టాడు. భార్య యశోదమ్మ మాత్రం ప్యానెళ్ల మధ్య గడ్డి కోసే పనికి పొద్దున్నే పోతుంది. ఆ వెనకే ఈ పెద్దమనిషి ఇంటికి తాళం వేసి పావగడ బస్టాండు కబుర్లకు బయలుదేరుతాడు.

ఆమె దిగులంతా కరియ గురించే. గొర్రెలున్న రోజుల్లో మంద కాచిన కుక్క, ఇప్పుడు ముసలిదైంది. చేలగట్ల మీది చెట్లు పోయాయి, ప్యానెళ్ల నీడ కంచె అవతల ఉంది, కొత్త ఇంటి చుట్టూ సిమెంటు గచ్చు. ఎండకు అది రొప్పుతుంటే ఆమె ప్రాణం ఉసూరుమనేది. పెరటి తలుపుకు కింద ఒక కంత కోయిద్దామని మొగుణ్ణి అడిగింది.

"కంతైనా వాకిలే కదే. ఆయం చూడకుండా కోస్తే ఇల్లు నిలుస్తాదా?" అన్నాడు ధనుంజయ.

అన్నదే తడవుగా వాస్తు చూసే ఈరయ్యను వెంటబెట్టుకొచ్చాడు. ఇంటి వాకిళ్లకు యజమాని జన్మనక్షత్రాన్ని బట్టి ఆయం కొలత కట్టడం అందరూ చేసేదే. కుక్క దూరే కంతకు కూడా కట్టించిన ఘనుడు ఈయనొక్కడే. ఈరయ్య వేళ్లు మడిచి, ఏదో గొణిగి, జానెడు వెడల్పు చాలన్నాడు.

"ముందు కరియ భుజాలు కొలవండప్పా," అంది యశోదమ్మ.

"దూరేది కుక్కయినా ఇల్లు నాది. కుక్కకు నచ్చత్రం ఉండాదా ఏంది?" అని మొగుడు ఎగతాళి చేశాడు. ఆమె పెట్టిన కాఫీ తాగుతూ ఈరయ్య కూడా ఇకిలించాడు. యశోదమ్మకు ఒళ్లు మండింది.

తలుపు కోయించి, కంతకు పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టారు. కరియ తల దూర్చింది, మెడ దూర్చింది, భుజాల దగ్గర ఆగిపోయింది.

"అలవాటు కావాల. నిదానంగా పడతాది," అన్నాడు ధనుంజయ. అలవాటు పడితే ఎముకలు చిక్కిపోతాయి కాబోలు!

మర్నాడు మధ్యాహ్నం యశోదమ్మ మనసాగక పనిలోంచి వచ్చేసింది. కరియ తల ఒక్కటే చల్లని ఇంట్లో ఉంది. ఒళ్లంతా కాలే గచ్చు మీద ఉంది. చచ్చిపోయిందనుకుంది. పిలిస్తే తోక కొంచెం కదిలింది. ఆమెకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

మెల్లగా దాని తల వెనక్కి తీసింది. తన దగ్గరున్న చెవితో తలవాకిలి తాళం తీసి, టేకు తలుపులు రెండూ బార్లా తెరిచింది. కరియను ఎత్తుకొచ్చి ఫ్యాన్ కింద పడుకోబెట్టి నీళ్లు తాగించింది.

సాయంత్రం ధనుంజయ గడప దగ్గరే నిలబడిపోయాడు. "కుక్క తలవాకిట్లోంచి రావడమేందే?"

"ఇదీ నీ నచ్చత్రం కొలతే," అంది యశోదమ్మ లేవకుండా. "దీంట్లో అది పడతాది. రేపట్నుంచి పగలు ఈ తలుపు మూసేది లేదు. దొంగల భయముంటే నువ్వే కాపలా కూర్చో."

భూమి లీజుకిచ్చాక ధనుంజయకు మొదటిసారి ఒక పని దొరికింది.