పేరడిగే సిస్టరు

మేడ్చల్ హైవే పక్కనున్న ఆ ప్రైవేటు దవాఖానలో సృజనకు రోగులు పెట్టిన పేరు ‘పేరడిగే సిస్టరు’. పదకొండేళ్లుగా సూది వేసే ప్రతిసారీ ఆమె అడిగే మొదటి మాట అదే. గంట కింద అడిగి ఉన్నా మళ్లీ అడుగుతుంది. రోగి నోటితో పేరు చెప్పించుకుని, కేస్ షీట్‌లో చూసుకుని, అప్పుడు గాని సిరంజి మూత తీయదు.

శామీర్‌పేట దగ్గరి ఊరి నుంచి మణికట్టు విరిగి వచ్చిన లక్ష్మీకాంతమ్మకు ఇది మస్తు తమాషాగా ఉండేది.

"నిన్న జెప్పిన, పొద్దుగాల జెప్పిన, మల్ల అడుగవడ్తివి. మతిమరుపు నాకా, నీకా బిడ్డా?"

"నాకే అవ్వా. జెప్పు."

"లక్ష్మీకాంతమ్మ! మా ఆయిన గూడ నన్ను గిన్నిసార్లు పిలువలే."

వార్డంతా నవ్వేది. సృజన కూడా నవ్వుతూనే సూది వేసేది.

ఆ వార్డులో ఇరవై నాలుగు మంచాలు. పొద్దుటి డ్యూటీకి ముగ్గురు నర్సులు ఉండాలి. ఒకామె మానేసి నాలుగు నెలలైనా ఆమె చోట ఎవరినీ పెట్టలేదు. నర్సులు కూర్చుంటున్నారో నిలబడుతున్నారో చూడటానికి మాత్రం గోడకు కెమెరా పెట్టించారు. ఎనిమిదింటికి డాక్టరు రౌండ్సుకు వచ్చేసరికి సూదులన్నీ అయిపోవాలి. ఇద్దరితో అది కాదు. అందుకని రాత్రి నర్సు తెల్లవారుజామునే సిరంజిలన్నీ నింపి, ఒక్కోదానికి ప్లాస్టర్ ముక్క అంటించి, దాని మీద నంబరు రాసి ట్రేలో పెట్టేది. మంచం నంబరే. పేరు రాసే తీరిక ఆమెకూ లేదు.

తను నింపని సూది తను వేయకూడదని సృజనకు నర్సింగ్ స్కూల్లో నేర్పిన మొదటి పాఠం. ఆ మాటే రెండుసార్లు దవాఖాన యజమాని డాక్టర్ చక్రపాణితో అంది.

"స్కూలు వేరు, దవాఖాన వేరమ్మా," అన్నాడాయన. "పేర్లు రాస్కుంట కూసుంటే పని నడుస్తదా?"

ఆ గురువారం రెండో నర్సుకు జ్వరం. ఇరవై నాలుగు మంచాలకూ సృజన ఒక్కతే.

అంతకు ముందే, తెల్లవారగానే, వార్డులో ఒక చిన్న ఏర్పాటు జరిగింది. తొమ్మిదో మంచం లలితకుమారిది. కోస్తా నుంచి వచ్చి కొంపల్లిలో ఉంటున్న రిటైర్డ్ టీచరు, షుగరు మనిషి. ఏసీ గాలి సరిగ్గా ఆమె నెత్తి మీదికే కొడుతుంది. పదో మంచం మీది లక్ష్మీకాంతమ్మకేమో ఒకటే ఉక్క.

"ఏవండీ, మీరిటొస్తారా? నాకీ చల్లగాలి పడట్లేదు."

"నాకు గావల్సిందే సల్లగాలి. రాండ్రి, రాండ్రి."

ఇద్దరూ దుప్పట్లు తీసుకుని మారిపోయారు. కేస్ షీట్లు మంచాల కాళ్ల దగ్గరే, ఎక్కడివక్కడ వేలాడుతూ ఉండిపోయాయి. ఎవరికైనా చెప్పాలని ఇద్దరికీ తోచలేదు.

సృజన ఎనిమిదో మంచం దగ్గర ఉండగా కింద క్యాజువాలిటీ నుంచి కేక వచ్చింది. కండ్లకోయ దగ్గర బైకు యాక్సిడెంటట, జల్దీ రమ్మని. తొమ్మిది అని రాసిన సిరంజి తీసింది. ఇన్సులిన్. కేస్ షీట్ చూసింది, సరిపోయింది. మంచం మీద మనిషి ముఖం దాకా దుప్పటి కప్పుకుని పడుకుంది. లలితకుమారిని నిద్రలేపితే విసుక్కుంటుంది. పోనీలే అనుకుంది. తన వైపున్న చెయ్యి బయటికి తీసింది, పొడిచింది, పరుగెత్తింది. ఆ చేతి మీద పచ్చబొట్టు ఉందని అంతా అయిపోయాక గాని గుర్తు రాలేదు. టీచరమ్మ చేతికి పచ్చబొట్టు ఎక్కడిది?

రౌండ్సుకు రావాల్సిన డాక్టరు కూడా కిందే ఉండిపోయాడు. పదకొండింటికి సృజన పైకి వచ్చేసరికి లలితకుమారి ఎదురొచ్చింది. "ఏవమ్మా, టిఫిన్ కూడా తినేశాను. నా ఇన్సులిన్ వెయ్యలేదేంటి?"

"ఏసిన గదమ్మా, తొమ్మిదిల."

"నేను పొద్దున్నుంచీ పదో మంచం మీదేగా ఉన్నా!"

సృజన తొమ్మిదో మంచం దగ్గరికి పరుగెత్తింది.

లక్ష్మీకాంతమ్మ కొడుకు రవీందర్ తల్లి పక్కనే స్టూలు మీద కూర్చుని ఫోనులో ఎవరితోనో ప్లాటు సంగతి మాట్లాడుతున్నాడు. "రాత్రంత నొప్పితోని నిద్రలే సిస్టర్. ఇప్పుడే పన్నది, లేపకుండ్రి," అన్నాడు. మధ్యాహ్నం ఆపరేషనని రాత్రి నుంచి ఆమె కడుపులో ఏమీ పడలేదు. ఒళ్లంతా చెమట. దుప్పటి తడిసిపోయింది. షుగరు చూస్తే ఇరవై నాలుగు; డెబ్బైకి తగ్గకూడదు.

గ్లూకోజు ఎక్కించింది. ఇంకా ఎక్కించింది. షుగరు లేచింది గాని, గంటల తరబడి చక్కెర అందక మెదడు అప్పటికే దెబ్బతింది. కళ్లు తెరుచుకున్నాయి. అంతే.

చక్రపాణి వచ్చి చూసి సృజనను పక్క గదిలోకి పిలిచాడు. "పక్షవాతం వచ్చిందని రాయి. డ్యూటీ బుక్కుల సంతకం నీదే ఉంది, నర్సు రిజిస్ట్రేషన్ పోయేది నీదే. నాది గాదు."

ఆమె రాయలేదు. బయటికి వచ్చి రవీందర్‌కు ఉన్నదున్నట్టు చెప్పింది. సూది తన చేత్తోనే పడిందనీ చెప్పింది, ట్రే సంగతీ చెప్పింది.

అతను తిట్టలేదు. కొట్టినా బాగుండేదనిపించింది ఆమెకు. "గిప్పుడు నాకు జెప్పి ఏం జేస్తవమ్మా? మా అమ్మ మాట్లాడ్తదా?" అన్నాడు.

సాయంత్రానికి అంతా తేలిపోయింది. తప్పు నర్సుది, నర్సును తీసేశారు, దవాఖాన శుభ్రంగా ఉంది. ఒక మనిషికి ముగ్గురి పని అప్పజెప్పినవాళ్ల పేరు ఏ కాగితంలోనూ లేదు. మర్నాటి సూదులకు అదే ట్రే, అవే ప్లాస్టర్ ముక్కలు.

లక్ష్మీకాంతమ్మను సిటీకి పంపడానికి అంబులెన్సు వచ్చింది. చేతిలో బ్యాగుతో మెట్ల దగ్గర నిలబడ్డ సృజన స్ట్రెచర్‌కు అడ్డం వెళ్లి వంగింది.

"అవ్వా, నీ పేరేంది?"

ముసలామె ఆమె వంక చూసింది. పెదవులు కదిలాయి. మాట రాలేదు.

"నాకే మతిమరుపు అవ్వా. ఒక్కసారి జెప్పు."

"జరుగు సిస్టర్," అన్నాడు రవీందర్. ఆమె జరిగింది.