జాలి బంతులు

లోవెల్ ప్రూయిట్‌కు రక్త క్యాన్సర్ తగ్గింది కానీ, దాని వెంట వచ్చిన జాలి మాత్రం తగ్గలేదు. అతను బేస్‌బాల్ మైదానంలోకి బ్యాటు పట్టుకుని దిగితే చాలు, ఒహాయో జనమంతా లేచి నిలబడి, ముక్కులు చీదుకుంటూ చప్పట్లు కొడతారు. అతను పొద్దుతిరుగుడు గింజల పొట్టు తుపుక్కున ఉమ్మి, ఇంకా జుట్టు మొలవని తల మీద హెల్మెట్ కిందికి లాక్కుంటాడు. ఆ రోజు అవతలి జట్టు క్యాచర్ అన్సెల్మో, బంతి ఎక్కడ వెయ్యాలో బౌలర్‌కు సైగ చేసేవాడు, అతని వెనక గొంతుక్కూర్చుని గొణిగాడు.

"అన్నా, నడిమధ్యకే వేయిస్తున్నా. కొట్టేసుకో."

"నేనింకా శవపేటికలోకి ఎక్కలేదురా, పూలు చల్లకు."

మంచి బంతులు మూడు వదిలేస్తే అవుటే; మెత్తగా వచ్చిన మూడింటినీ బ్యాటు కదపకుండా వదిలేసి లోవెల్ అవుటయ్యాడు. కంపు కొట్టే కూడు వడ్డించినట్టు మొహం పెట్టుకుని బెంచీ మీద కూలబడ్డాడు. అన్సెల్మోకి ఒళ్లు మండింది. మళ్లీ లోవెల్ వంతు వచ్చినప్పుడు బంతి రివ్వున వచ్చి అతని డొక్కలో దిగింది. జనం గొల్లుమన్నారు.

"ఇప్పుడు చాలా?" అన్నాడు అన్సెల్మో.

"ఇదిరా బంతంటే!"

బంతి తగిలినవాడు ఊరికే దక్కిన మొదటి బేసుకు, అంటే పరుగు దారిలో మొదటి మజిలీకి, నడిచి వెళ్లాలి, తగిలిన చోట చెయ్యి మాత్రం వెయ్యకూడదు. వేస్తే ఆటగాళ్లలో నామర్దా. లోవెల్ ఆ దారి పొడవునా డొక్క నిమురుకుంటూనే వెళ్లాడు.