పేజీ నంబరు చెప్పి తిట్టిన పుస్తకం

కింది వాటాలో బాలింత ఉంది. పొద్దున్నే వాళ్లింట్లో వెల్లుల్లి, ఎండుమిరపకాయలు వేగే ఘాటు మెట్లెక్కి నా గదిలోకి వస్తోంది. పత్యపు కారం. కొత్తగా కన్న తల్లికి అన్నంలో ఆ కారమే తప్ప ఇంకేదీ కలపనివ్వని ఇళ్లు ఖమ్మంలో ఇంకా ఉన్నాయన్నమాట. ఆ ఘాటు తగలగానే రాస్తున్న వ్యాసం పక్కన పెట్టాను. నాకు గుర్తొచ్చింది తిండి కాదు. డిగ్రీలో చదివిన ఒక పాఠ్యపుస్తకం, దాన్ని మా చేత తిట్టించిన సుగుణ మేడం.

భద్రాచలంలో నేను డిగ్రీలో చేరిన ఏడాది, మాకు పోషకాహారం చెప్పడానికి మేడం మధిర వైపు నుంచి వచ్చారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. గొంతు ఎప్పుడూ పెంచేవారు కాదు, అందుకని మేమే గోల తగ్గించుకునేవాళ్లం. అప్పటిదాకా మాకు తెలిసిన చదువంతా పుస్తకంలో ఉన్నది నోట్లోకి, నోట్లోది పరీక్ష కాగితం మీదికి ఎత్తిపోయడమే. మేడం వచ్చాక శనివారం చివరి పీరియడ్ పుస్తకం మీద మా అభిప్రాయాలకు వదిలేశారు. నచ్చనిది నచ్చలేదని చెప్పొచ్చు, తిట్టొచ్చు కూడా. ఒకటే షరతు. "పేజీ నంబరు చెప్పి తిట్టాలి. ఊరికే బాగాలేదంటే ఒప్పుకోను."

తిట్టడానికి ఆ పుస్తకంలో సరుకు బోలెడుంది. సమతులాహారం బొమ్మలో యాపిల్ పండు, జున్ను ముక్క, మేమెవరం ఏనాడూ చూడని ఏదో ఆకుపచ్చ పువ్వు ఉండేవి. చర్ల దగ్గరి అడవి పల్లె నుంచి వచ్చే నాగమణి ఆ పేజీ నంబరు చెప్పి లేచింది. "మేడం, ఈ బుక్కు రాసిన సారు ఎన్నడన్న ఇప్పపువ్వు తిన్నడా?" క్లాసంతా గొల్లున నవ్వింది.

"తినుండడు. అది మంచిదని నీకెలా తెలుసు?" అన్నారు మేడం.

"మా అమ్మమ్మ చెప్పింది."

"పుస్తకం చెప్పినంత మాత్రాన నిజం కాదన్నప్పుడు, అమ్మమ్మ చెప్పినంత మాత్రాన కూడా కాదు. ఇద్దర్నీ అడగాల్సిందే."

నాకు ఒళ్లు పులకరించింది. అప్పటికే నేను వాదాల పిచ్చిదాన్ని. మేడం ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్తారని తెలుసు కాబట్టి, ఇరుకున పెడదామని అడిగేశాను. "మేడం, మీ బైబిల్‌ని కూడా గిట్ల తిట్టొచ్చా?" ఆవిడ నవ్వారు. "తిట్టమ్మా. దాంట్లో పేజీ కూడా అక్కర్లేదు, వచనానికే నంబరుంటుంది." నాకు దేవుడి మీద నమ్మకం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. కానీ అనుమానించడం నాకు నేర్పింది మాత్రం ఆ నమ్మకం ఉన్న మనిషే.

ఆ ఏడే మా అక్క పురిటికి ఇంటికొచ్చింది. ఆడపిల్ల పుట్టింది. అమ్మ పత్యం మొదలుపెట్టింది. పప్పు లేదు, ఆకుకూర లేదు, పండు లేదు. అన్నిటికంటే ఘోరం, నీళ్లు లేవు. కాచిన నీళ్లు పూటకు ఒక గుక్క. బాలింత నీళ్లు తాగితే ఒళ్లు ఉబ్బుతుందట, పిల్లకు జలుబు చేస్తుందట. అక్క పెదవులు పగిలిపోయాయి. పాలు చాలక చంటిది ఏడ్చి ఏడ్చి, ఏడవడానికి కూడా ఓపిక లేక సొమ్మసిల్లేది. "గొంతెండుకపోతుందే, ఒక్క గిలాస తెచ్చియ్యవే," అని అక్క నా చెయ్యి పట్టుకుని గుసగుసగా అడిగేది.

నేను పుస్తకం తెరిచి, బాలింతల ఆహారం పాఠం అమ్మ ముందు గట్టిగా చదివాను. పాలు, పప్పులు, ఆకుకూరలు, దాహం తీరా నీళ్లు.

"నీ బుక్కు ఎంతమందిని కన్నదే?" అంది అమ్మ. "నేను నలుగుర్ని కన్న."

"ఇది ఉత్త మూఢనమ్మకం! అక్కను నువ్వే చంపుతున్నవ్!" అన్నాను.

వాదంలో గెలిచింది నేనే. ఓడిన అమ్మ నన్ను అక్క గదిలోకి రానియ్యడం మానేసింది.

శనివారం రాగానే లేచి, ఆ పాఠం పేజీ నంబరు చెప్పి, ఈ పుస్తకం దేనికీ పనికిరాదన్నాను.

"తప్పెక్కడుంది?"

"తప్పేం లేదు మేడం, అన్నీ నిజాలే. మా అమ్మ ఇనదు."

అందరూ నవ్వారు. మేడం నవ్వలేదు. ఇంట్లో ఏం జరిగిందో మొత్తం చెప్పించుకుని, అడిగారు. "నీకు గెలవాలనుందా, మీ అక్క నీళ్లు తాగాలనుందా?"

"రెండూ."

"రెండూ కుదరకపోతే?"

బెల్లు కొట్టాక మేడం సంచీ భుజాన వేసుకుని, "మీ ఊరి బస్సు ఎక్కడాగుతుంది?" అన్నారు.

మేం వెళ్లేసరికి అమ్మ కొట్టంలో బర్రెకు కుడితి కలుపుతోంది. చెయ్యి తుడుచుకుని లేవబోతే మేడం వద్దని, చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని పేడలోంచే లోపలికి నడిచారు. పక్కన చిన్న దూడ నిలబడలేక నిలబడుతోంది.

"ఎప్పుడు ఈనిందండీ?"

"మొన్ననే మేడం."

"పాలు బాగా ఇస్తోందా?"

"ఇయ్యకేం? మస్తుగ ఇస్తుంది. తవుడు, తెలగపిండి, జొన్న గట్క, అన్ని పెడుతున్న. బకెట్లకు బకెట్లు కుడితి తాగిస్తున్న. నీళ్లు తక్కువైతే పొదుగు ఎండుకపోదా..."

మాట మధ్యలో ఆగిపోయింది. అమ్మ చెయ్యి కుడితి తొట్టిలో అట్లాగే ఉండిపోయింది. నా నోట్లో ఒక పదునైన మాట తయారైంది. అది బయటికి రాకముందే మేడం నా మణికట్టు పట్టుకుని గట్టిగా నొక్కారు.

తొట్టిలోంచి చెయ్యి తీసి అమ్మే అంది. "మనిషీ బర్రే ఒకటేనా మేడం?"

"ఒకటి కాదండి. అందుకే మిమ్మల్నే అడుగుతున్నా. మీ కాన్పులప్పుడు మీక్కూడా నీళ్లివ్వలేదా?"

"మా అత్త ఇయ్యనిచ్చేది కాదు."

"దాహమేసేది కాదా?"

అమ్మ వెనక్కి తిరిగి ఎవరైనా ఉన్నారేమో చూసింది. చనిపోయి ఎన్నో ఏళ్లయిన అత్తగారు వింటుందేమో అన్నట్టు గొంతు తగ్గించింది. "నోరు పిడచకట్టుకపోయేది మేడం. చెయ్యి కడుక్కోమని నీళ్లిస్తే, చాటుకు పోయి అవే తాగిన."

"తాగితే ఏమైంది?"

"ఏం కాలె. భయమైతే అయింది గని, ఏం కాలె."

అమ్మ లేచి లోపలికి పోయింది. కాచి చల్లార్చిన నీళ్లు చెంబు నిండా తీసుకుని అక్క గదిలోకి వెళ్లింది. అక్క ఎత్తిన చెంబు దించకుండా తాగింది. మెడ మీద నుంచి నీళ్లు కారి రవిక తడిసిపోతుంటే, అమ్మ కొంగుతో తుడుస్తూ, "మెల్లగ బిడ్డా, మెల్లగ," అంటోంది.

పాలు ఒక్క పూటలో పొంగిపొర్లలేదు. మర్నాడు పప్పు వచ్చింది, తర్వాత మునగాకు, ఆ తర్వాత గోదారి చేపల పులుసు. పిల్ల ఏడుపు తగ్గింది, బుగ్గలు నిండాయి. వంకాయ దగ్గర మాత్రం అమ్మ ససేమిరా అంది. నేను మళ్లీ యుద్ధానికి సిద్ధమైతే మేడం ఆపారు. "వంకాయ తినకపోతే ఎవరూ చచ్చిపోరు, ఊరుకో."

ఆ రోజు బస్సు కోసం నిలబడ్డప్పుడు అడిగాను, బర్రె సంగతి ముందే ఆలోచించుకుని వచ్చారా అని. "లేదమ్మా. మీ అమ్మగారితో ఏం మాట్లాడాలో తెలియలేదు. భయమేసింది. అందుకే ముందు కొట్టంలోకి వెళ్లాను," అన్నారు.

మేడం ఇప్పుడు లేరు. నేను మాత్రం వాదిస్తూనే ఉన్నాను, సభల్లో, పత్రికల్లో. చాలాసార్లు గెలిచాను. గెలిచి ఇంటికొచ్చాక, అక్కడ ఎవరి గొంతు తడిసిందని నన్ను నేను అడుక్కున్న రోజులు కూడా చాలా ఉన్నాయి.

మొన్న గ్రహణం రోజు, అశ్వారావుపేట దగ్గర ఒక ఊళ్లో మా హేతువాద సంఘం వాళ్లమంతా వీధిలో కూర్చుని అందరి ముందూ పులిహోర తినే కార్యక్రమం పెట్టుకున్నాం. ఎదురింట్లో నెలలు నిండిన కోడల్ని పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టనివ్వకుండా పడుకోబెట్టారని తెలిసింది. మావాళ్లు మైకు నా చేతికిచ్చారు. అత్తగారు గుమ్మానికి అడ్డంగా, చేతులు కట్టుకుని కూర్చుని ఉంది. మైకు పక్కవాళ్లకిచ్చేసి వెళ్లి, ఆవిడ పక్కన అరుగు మీద కూర్చున్నాను.

"మీరు కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం పట్టిందా అమ్మా?"

"పట్టింది. పెద్దోడు కడుపుల ఉండె."

"మరి ఆకలైతే ఏం చేసిన్రు?"

ఆవిడ నా ముఖంలోకి చూసింది. తలుపు సందులోంచి లోపల పడుకున్న కోడల్ని ఒకసారి చూసింది. తర్వాత నా వైపు వంగి, గొంతు తగ్గించింది.