సవరం కింద బిళ్ళ

కుమాసీ నగరం బజారులో సెర్వా చేత జడలు వేయించుకోవాలంటే తెల్లారకముందే వెళ్ళి కూర్చోవాలి. పదమూడేళ్ళుగా ఆమె పక్క కొట్టులో బట్టలు కుడుతున్నాను, అంత మొండి మనిషిని ఇంకొకరిని చూడలేదు. కూతురు న్యార్కోది పుట్టుచెవుడని తేలినప్పుడు, ప్రార్థనలు చేయిస్తే చాలన్న చుట్టాలను కసిరేసి, పిల్లకు ఆపరేషన్ చేయించి, వినపడేలా కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టించింది.

అదెలా పనిచేస్తుందో ఎవరడిగినా గడగడా అప్పజెప్పేది. చెవి వెనుక మిషను మాటను పట్టి సంకేతాలుగా మారుస్తుంది. తీగ వాటిని తల మీది బిళ్ళకు చేరుస్తుంది. ఆ బిళ్ళను చర్మం కిందున్న అయస్కాంతం పట్టి ఉంచుతుంది. చర్మం దాటి వచ్చిన సంకేతాలను లోపలి భాగం సన్నని తీగ గుండా చెవి నరానికి అందిస్తుంది. ఇందులో ఒక్కటి మొరాయించినా మిగతావన్నీ దండగే.

ఇంత తెలిసిన మనిషికి మొన్న మేనత్త అంత్యక్రియల ముందు బుద్ధి గడ్డి తిన్నది. అంతకు ముందు ఇంకో చావులో సొంత అక్కే నలుగురిలో, "నీ కూతురి తలకి రేడియో బిగించారేమే?" అని నవ్వింది. అందుకని ఈసారి పిల్ల తలంతా జడలల్లి, వాటి మీద బిళ్ళ పెట్టి, అది జారకుండా పైన ఒత్తుగా సవరం కుట్టేసింది. బిళ్ళ జాడే కనపడలేదు.

శనివారం అంత్యక్రియలకు ఎర్రబట్టలు, నల్లబట్టలు కట్టుకొచ్చిన జనంలో న్యార్కో ఎంత పిలిచినా పలకలేదు. "పొగరా నీకు?" అని సెర్వా భుజం పట్టి కుదిపింది. పిల్ల నవ్వుతూ నిలబడింది. ఇంటికెళ్ళి సెర్వా బ్యాటరీ మార్చింది, సవరం సందులోంచి తీగ మార్చింది. అయినా పిల్ల పలకలేదు. బయటివన్నీ బాగుంటే చెడింది లోపలిదే అనుకుంది. "మళ్ళీ దాని తల కోస్తారక్కా!" అని నన్ను పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

సోమవారం ఆసుపత్రికి నేనూ వెళ్ళాను. నర్సు సవరం కిందకి వేలు పోనిచ్చి చూసింది.

"ఏంటమ్మా ఇది, బిళ్ళ కింద జడలతో పరుపు పరిచావా? ఇంత మందం దాటి లోపలికెలా అందుతుంది?"

సెర్వా కత్తెర తీసుకుంది. సవరం కుట్లు కత్తిరించి, జడలు విప్పాక బిళ్ళ చటుక్కున తలకు అతుక్కుంది. "న్యార్కో!" అని పిలవగానే పిల్ల తిరిగి చూసింది. కింద పడిన సవరం చూసి ఏడుపు లంకించుకుంది.

"వినపడట్లేదని చెప్పొచ్చు కదే!" అంది సెర్వా.

"చెబితే విప్పేస్తావుగా. ఆ రోజు ఎవరూ నా తలకేసి వేలు చూపించలేదు. మళ్ళీ కుట్టవా అమ్మా? నాకు వినపడక్కర్లేదు."

నాకు సెర్వా మీద కోపం ముంచుకొచ్చింది. కానీ శనివారం ఆ జడలు భలే ఉన్నాయని పిల్ల బుగ్గ గిల్లినవాళ్ళలో నేనూ ఒకదాన్ని.