అంగడి వాకిట్లో ‘లేదు’

మా నాన్నకు మూడు చేనేత మగ్గాలు. రెండింటి మీద షావుకారు చెప్పిన చీరలు నేసేవాడు. మూడోది మాత్రం తనకు నచ్చిన రంగులకు. 2000ల చివరికి ఆ రంగులు అడిగేవాళ్లే కరువయ్యారు. వచ్చే నెలలోపు బేరం రాకపోతే మూడో మగ్గాన్ని విప్పి కట్టెలకు అమ్మేస్తానన్నాడు. కోవిల్‌పట్టిలో కంప్యూటర్ చదువు ముగించి, తమిళనాట విరుదునగర్ పక్కనున్న మా తెలుగు నేతగాళ్ల వీధికి అప్పుడే తిరిగొచ్చిన నాకు ఒళ్లు మండింది. ఇంటర్నెట్‌లో అమ్మి చూపిస్తానని పంతం పట్టాను.

దారులు రెండు. ఒకటి రెడీమేడ్ ఆన్‌లైన్ స్టోర్: ఫోటో పెట్టి ధర వేస్తే కొనే బటన్ దానంతటదే వస్తుంది. రెండోది కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్: పేజీలు మనిష్టం, కాని అమ్మకం ఏర్పాట్లు మనమే చూసుకోవాలి. నాకు బద్ధకం ఎక్కువ. మొదటిదే పట్టుకున్నాను.

ఆ మగ్గం మీద నేసిన చివరి ఆరు చీరలు పెట్టాను, రంగుకొకటి. వారంలో నాలుగు అమ్ముడుపోయాయి. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. నాన్నను బ్రౌజింగ్ సెంటర్‌కి తీసుకెళ్లి చూపించాను. నాలుగు ఫోటోల మీద ఎర్ర అక్షరాలు.

"అదేం రాసుండాది పాపా?"

"అవుటాఫ్ స్టాక్. లేదు అని, నాయినా."

"అంగడి వాకిట్లో లేదు లేదని ఎవురైనా రాసి పెడతారా? తుడిచెయ్యి మొదుల!"

బియ్యం అయిపోతే అమ్మ కూడా ‘నిండుకున్నాయి’ అంటుంది. ఆ ఇంట్లోనే పెరిగిన నాకు ఇది తట్టనందుకు సిగ్గేసింది. మార్చబోతే ఆ స్టోర్‌లో ఆ మాట మార్చే వీల్లేదు.

"మరేం రాయమంటావు?"

"మగ్గంలో ఉండాదని రాయి."

బద్ధకం వదిలించుకుని రెండో దారి పట్టాను. నాలుగు రోజులు కుస్తీ పట్టి, అమ్ముడైన ప్రతి చీర ఫోటో కింద ‘మగ్గం మీద ఉంది’ అని రాసి, మా ఫోన్ నంబరు పెట్టాను. మూడో రోజే బెంగళూరు నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. నెమలిపింఛం రంగు చీర మగ్గం దిగేదెప్పుడని అడిగింది. నాన్న ఫోన్ అందుకుని, తడుముకోకుండా నెలలో పంపుతానన్నాడు.

ఫోన్ పెట్టేసి ఖాళీగా ఉన్న మూడో మగ్గం వైపు చూశాడు. నేనూ చూశాను. అమ్మ నవ్వాపుకోలేకపోయింది.

"ఉత్త మగ్గాన్ని పెట్టుకోని ఎంత దైర్యంగా చెప్పినావయ్యా!"

నాన్న లేచి చీపురు తెచ్చి మగ్గం దుమ్ము దులపడం మొదలుపెట్టాడు.

"రాసేసినాం గదా, ఇంక నేసే తీరాల!"